బ్రాకెట్ మీది టార్క్ నంబర్ పన్ను చేరే చోటు కాదు

పళ్లకి క్లిప్పులు వేసే డాక్టర్లు, అంటే ఆర్థోడాంటిస్టులు, ఇద్దరు కలిస్తే కాసేపటికి తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది, "ఏం వాడుతున్నారు, రాతా ఎంబీటీయా?" అని. ఈ రెండూ ప్రిస్క్రిప్షన్ల పేర్లు, అంటే పన్ను మీద అతికించే బ్రాకెట్ అనే చిన్న ముక్కలో ఏ పన్నుకి ఎన్ని డిగ్రీల వాలు ముందే పెట్టాలో చెప్పే లెక్కలు. పీజీ పిల్లలు కూడా నన్ను అడిగేది ఇదే, సార్ ఏ ప్రిస్క్రిప్షన్ మంచిది, ఒకటే కొనుక్కోవాలంటే ఏది కొనుక్కోమంటారు అని. ఈ ప్రశ్నకి జవాబు చెప్పడం మానేశాను నేను. ఎందుకంటే ఆ ప్రశ్న వెనకాల ఒక నమ్మకం ఉంది, బ్రాకెట్ డబ్బా మీద రాసున్న డిగ్రీల దగ్గరికి పన్ను దానంతటదే వెళ్లి కూర్చుంటుందని. కూర్చోదు. ఆ నంబర్ ఎందుకు పెట్టారో తెలియకుండా బ్రాకెట్ అతికిస్తే చివరి ఆరు నెలలు ఆ పన్నుతో కుస్తీ పట్టాల్సిందే, ఆ కుస్తీ ఖర్చు మాత్రం కుర్చీలో కూర్చున్న పేషెంట్ ది, వాళ్ల పంటి వేరుది.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ: టార్క్ ఎంచుకునేటప్పుడు "ఈ పన్ను ఎన్ని డిగ్రీల్లో ఉండాలి" అని కాదు అడగాల్సింది, "నేను చేయబోయే ట్రీట్మెంట్ ఈ పన్నుని ఎటు వాల్చబోతోంది, దాన్ని ఆపడానికి ఎటువైపు ఎంత అడ్డు పెట్టాలి" అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలకీ వచ్చే జవాబులు చాలా కేసుల్లో వేరు.

క్లిప్పులు వేయించుకుంటున్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి టార్క్ అంటే ఏంటో ముందు చెప్పేస్తా. పన్నుని మూడు రకాలుగా సరిచేయాలి మనం. వరసలో లోపలికో బయటికో ఉన్నదాన్ని, మెలిక తిరిగినదాన్ని లైన్లోకి తేవడం ఒకటి, పక్క పన్ను వైపు ఒరిగినదాన్ని నిలబెట్టడం రెండోది, పెదవి వైపుకో నాలుక వైపుకో వాలినదాన్ని సరిచేయడం మూడోది, ఈ మూడోదే టార్క్. పైకి కనపడే భాగాన్ని క్రౌన్ అంటాం, ఎముకలో ఉండేది వేరు. ప్లస్ టార్క్ అంటే క్రౌన్ పెదవి వైపుకి, వేరు లోపలికి. మైనస్ అంటే దానికి రివర్స్, క్రౌన్ లోపలికి, వేరు బయటికి. మొదటి రెండు పనులు గుండ్రటి సన్న వైరు కూడా చేసేస్తుంది, టార్క్ మాత్రం చేయలేదు, ఎందుకంటే గుండ్రటి వైరు స్లాట్ లో, అంటే బ్రాకెట్ లో వైరు కూర్చునే గాడిలో, తిరుగుతూ ఉంటుంది తప్ప పట్టుకోదు. పలకల వైరు కావాలి, అది పలకల స్లాట్ లో కాస్త మెలిపడి కూర్చోవాలి, ఆ మెలిక విప్పుకోవాలని చూస్తూ పంటి వేరుని జరపాలి. అన్నిటికంటే ఆలస్యంగా మొదలై అన్నిటికంటే నెమ్మదిగా జరిగే పని ఇదే, మొదటి నెలల్లో పళ్లు చకచకా లైన్లోకి వచ్చేస్తుంటే అయిపోయిందనుకుంటారు చాలామంది, వేర్ల సంగతి అప్పటికింకా మొదలే కాలేదు.

ఇప్పుడు నంబర్ల కథ. 1928 లో ఎడ్వర్డ్ యాంగిల్ అనే ఆర్థోడాంటిస్టు పలకల వైరు పట్టే ఎడ్జ్‌వైజ్ బ్రాకెట్ ని ప్రకటించినప్పుడు అందులో టార్క్ అంటూ ఏమీ లేదు, స్లాట్ నేరుగా ఉండేది, 0.022 బై 0.028 అంగుళాలు, దాన్ని నిండుగా పట్టే బంగారపు వైరు, ఏ పన్నుకి ఎంత మెలిక కావాలో డాక్టర్ తన చేత్తో ప్లయర్ తో తిప్పుకోవాల్సిందే. దశాబ్దాల పాటు అలాగే నడిచింది. తర్వాత లారెన్స్ ఆండ్రూస్ అసలు ట్రీట్మెంటే అక్కర్లేని చక్కటి పలువరసలు 120 తీసుకుని, ఆ అచ్చుల మీద ప్రతి పన్ను వాలు కొలిచి, 1972 లో ఆరు సూత్రాలుగా రాశాడు, ఆ సగటుల్నే బ్రాకెట్ లోకి ఎక్కించాడు, వైరు నేరుగా పెడితే చాలు మెలిక బ్రాకెట్ లోనే ఉంటుంది అన్నమాట. ఆయన లెక్కలో పై మధ్య పన్నుకి ప్లస్ 7, పక్క పన్నుకి ప్లస్ 3, కోరపన్నుకి మైనస్ 7. తర్వాత రొనాల్డ్ రాత్ వచ్చి మధ్య పన్నుకి 12, పక్కదానికి 8 చేశాడు. ఆ తర్వాత మెక్‌లాఫ్లిన్, బెనెట్, ట్రెవిసి ముగ్గురూ కలిసి చేసిన ఎంబీటీలో అది 17, 10 అయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి ఎవరైనా. 7 నుంచి 12, 12 నుంచి 17. మనుషుల పళ్లేమైనా ఆ కొన్నేళ్లలో పది డిగ్రీలు బయటికి వాలాయా? లేదు కదా. ఆండ్రూస్ కొలిచింది తప్పా? అదీ కాదు, ఆ పళ్లు ఇప్పటికీ అలాగే ఉంటాయి. మరి నంబర్ ఎందుకు పెరుగుతూ పోయిందంటే, బ్రాకెట్ లో 7 పెట్టినా పన్ను 7 దగ్గరికి రావట్లేదని, ముఖ్యంగా పళ్లు తీసి ముందు పళ్లని వెనక్కి లాగిన కేసుల్లో పళ్లు లోపలికి పడిపోతున్నాయని, ట్రీట్మెంట్ చేసే ప్రతివాడూ చూశాడు కాబట్టి. అంటే 17 అనేది అందమైన పంటి కొలత కానే కాదు. పోతుందని ముందే తెలిసి కలిపిన తరుగు లెక్క అది. ఈ చిన్న విషయం అర్థమైతే మిగతా వ్యాసం మొత్తం దాని వెనకే వస్తుంది.

పోవడం ఎందుకంటే ఆట, అంటే స్లాట్ లో వైరు చుట్టూ మిగిలే ఖాళీ. స్లాట్ ఎత్తు 0.022, మనలో చాలామంది చివరిదాకా వాడే స్టీలు వైరు 0.019 బై 0.025. ఆ మిగిలిన 0.003 అంగుళంలో వైరు అటూ ఇటూ తిరుగుతుంది. నట్టు కంటే కాస్త పెద్ద స్పానర్ పెట్టి తిప్పితే ముందు కొంత దూరం ఖాళీగా తిరిగి ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది చూడండి, అచ్చం అలాగే. కాగితం మీద లెక్కేస్తే ఆ ఖాళీ ఇంకాస్త తక్కువే వస్తుంది, కానీ తయారీలో స్లాట్లు రాసిన దానికంటే కొంచెం పెద్దగా ఉంటాయి, వైరు అంచులు పదునుగా కాకుండా నున్నగా గుండ్రం తిరిగి ఉంటాయి, అన్నీ కలిపి సుమారు 10 డిగ్రీలు అనుకోవచ్చు. అదే 0.018 స్లాట్ లో 0.017 బై 0.025 వేస్తే ఆ ఖాళీ ఇందులో సగానికి అటూ ఇటూగా ఉంటుంది.

ఇప్పుడు ఆ 10 ని పట్టుకుని ఎంబీటీ మధ్య పన్ను దగ్గరికి రండి. బ్రాకెట్ లో ప్లస్ 17 ఉంది. పన్ను లోపలికి వాలుతోందనుకోండి, 17 నుంచి 16 కి, 15 కి వస్తుంది, వైరు పట్టించుకోదు, ప్లస్ 7 దాకా వచ్చాకే వైరు అంచు స్లాట్ గోడకి తగిలి ఆగు అంటుంది. బయటికి వాలుతున్న పన్నయితే ప్లస్ 27 దాకా పోనిస్తుంది. అంటే 7 కీ 27 కీ మధ్య ఇరవై డిగ్రీల మైదానం ఉంది, అందులో పన్ను ఎక్కడున్నా ఆ వైరుకి అది సరిగ్గా ఉన్నట్టే లెక్క. మైదానంలో పన్ను ఏ గట్టు దగ్గర ఆగుతుందో తేల్చేది బ్రాకెట్ కాదు, మనం ఎటు లాగుతున్నామన్నది. వెనక్కి లాగుతుంటే లోపలి గట్టు దగ్గర, ముందుకి తోస్తుంటే బయటి గట్టు దగ్గర. వెనక్కి లాగే కేసులో ఎంబీటీ వాడితే పన్ను ప్లస్ 7 దగ్గర ఆగుతుంది, ఆండ్రూస్ తన నంబర్ గా రాసింది సరిగ్గా అదే. రాత్ వాడితే ప్లస్ 2, ఆండ్రూస్ అసలు బ్రాకెట్టే వాడితే మైనస్ 3. అదీ వైరు తగిలీ తగలని చోటు మాత్రమే, అక్కడి నుంచి వేరుని నిజంగా కదిలించాలంటే వైరు ఇంకొన్ని డిగ్రీలు మెలిపడాలి, పై ముందు పంటి వేరు కదలడానికి 5 నుంచి 20 న్యూటన్ మిల్లీమీటర్ల మెలి బలం కావాలని చెప్తారు, తగిలిన క్షణంలో ఉండే బలం సున్నానే కదా.

కొందరు తోటి డాక్టర్లు దీనికి ఎదురు ఒక మాట చెప్తారు, అది సరైన మాటే కాబట్టి దాన్ని దాటేసి పోలేను. రాత్ తో చేసిన కేసులూ ఎంబీటీతో చేసిన కేసులూ పక్కపక్కన పెట్టి చూసిన స్టడీలున్నాయి, చివర్లో పెద్ద తేడా ఏమీ కనపడలేదు వాటిలో, మరి టార్క్ గురించి ఇంత గొడవెందుకు అంటారు. నేనేమంటానంటే, కనపడకపోవడమే సహజం. 12 కీ 17 కీ మధ్య ఉన్న తేడా ఐదు డిగ్రీలు, అటు పదీ ఇటు పదీ ఉన్న మైదానంలో ఐదు డిగ్రీలు ఏ మూలకి? డాక్టర్ ఎటు లాగాడు, ఎంత బలంగా లాగాడు, చివర్లో వైరుకి మెలిక ఇచ్చాడా లేదా అన్నదే ఆ తేడాని మింగేస్తుంది. అందుకే రాతా ఎంబీటీయా అన్న వాదన మీద నాకు ఆసక్తి లేదు. కానీ ఎంబీటీ పక్క పన్ను బ్రాకెట్ ని తలకిందులు చేసి పెడితే ప్లస్ 10 మైనస్ 10 అవుతుంది, ఇరవై డిగ్రీల తేడా, ఏ ఆటా దాన్ని పూర్తిగా మింగలేదు. ఐదు డిగ్రీల కోసం బ్రాండ్ మార్చేవాళ్లు ఇరవై డిగ్రీల కోసం ఒక్క బ్రాకెట్ తిప్పి పెట్టరు, నాకు బాధ కలిగించేది ఇదే.

ఆ తిప్పడం ఎక్కడ పనికొస్తుందో ఒక పన్ను దగ్గర నిలబడి చూద్దాం. పైవరసలో మధ్య పన్ను పక్కది చోటు లేక అంగిలి వైపుకి, రెండో వరసలో ఇరుక్కుపోయి వస్తుంది కొందరికి. ముందు దానికి చోటు చేస్తాం, తర్వాత సన్న వైరు తో ఆ పన్నుని బయటికి లాగుతాం, రెండు మూడు నెలల్లో లైన్లోకి వచ్చేస్తుంది, పిల్ల అద్దంలో చూసుకుని మురిసిపోతుంది. వచ్చింది క్రౌన్ మాత్రమే. వేరు ఇంకా అంగిలి వైపే ఉంటుంది. పెదవి పైకెత్తి ఆ పన్ను పైన చిగురు మీద వేలు పెట్టి నిమరండి, అవతలి పక్క అదే పన్ను పైన వేరు ఉబ్బు సన్నగా తగులుతుంది, ఇటు పక్క మాత్రం గుంటలా ఉంటుంది. ఇప్పుడు ఆ పన్ను మీద మామూలుగా అతికించిన ప్లస్ 10 బ్రాకెట్ ఉందనుకోండి, ప్లస్ అంటే వేరు లోపలికి అని చెప్పాను కదా, అంటే ఇప్పటికే లోపల ఉన్న వేరుని ఇంకా లోపలికి తోసే బ్రాకెట్ అది. పలకల వైరు ఎంత నిండుగా వేస్తే అంత చెడుపు. అదే బ్రాకెట్ ని నూట ఎనభై డిగ్రీలు తిప్పి అతికిస్తే మైనస్ 10, వేరు పెదవి వైపుకి వస్తుంది, ఒరుగుడు డిగ్రీలు మాత్రం ఏమీ మారవు, తలకిందులు చేసినా ఒరిగే దిశ అదే ఉంటుంది కాబట్టి. రూపాయి ఖర్చు లేదు, కొత్త బ్రాకెట్ అక్కర్లేదు.

కానీ రెండు జాగ్రత్తలు. మామూలుగా చిగురు వైపు, దవడ పళ్ల వైపు మూలలో కనపడే బ్రాకెట్ మీది రంగు చుక్క ఇప్పుడు కొన వైపు, మధ్య గీత వైపు మూలలో కనపడుతుంది, కాబట్టి ఎప్పుడైనా ఆ బ్రాకెట్ ఊడిపోయి వేరే డాక్టరో అసిస్టెంటో మళ్లీ అతికిస్తే "అయ్యో తప్పు పెట్టారే" అనుకుని సరిగ్గా పెట్టేస్తారు, అక్కడితో మన పని మొత్తం తిరగబడుతుంది. కేసు షీట్ మీద పెద్దగా రాయాలి, ఫలానా పన్ను బ్రాకెట్ తిప్పి పెట్టాం, మార్చొద్దు అని. రెండోది, ఎక్కడ ఆపాలో వేలికే తెలుస్తుంది, రెండు పక్కలా చిగురు ఉబ్బు ఒకేలా తగిలినప్పుడు.

కోరపన్ను కథ ఇంకోలా ఉంటుంది. ఎంబీటీలో కోరపన్నుకి మైనస్ 7, సున్నా, ప్లస్ 7 మూడూ ఉన్నాయి, ఎందుకు మూడు ఇచ్చారో ఆలోచించకుండా డబ్బాలో వచ్చిందే వాడేస్తుంటాం. కోరపన్ను వేరు లావు, పొడుగు, దవడ మూల మలుపులో ఉంటుంది, బయట ఎముక పొర పల్చగా ఉంటుంది. కొందరికి క్లిప్పులు వేయకముందే చిగురు మీద ఆ వేరు రోకలిలా పొడుచుకొచ్చి కనపడుతుంది. అలాంటి పన్నుకి మైనస్ 7 పెట్టి వేరుని ఇంకా బయటికి తోయడం దేనికి? అక్కడ ఎముక పోతే చిగురు దిగిపోతుంది, దిగిపోయిన చిగురు దానంతటది తిరిగి రాదు. సున్నా గానీ, మైనస్ 7 ని తిప్పి ప్లస్ 7 గా గానీ పెడితే వేరు లోపల మెత్తటి ఎముకలోకి వస్తుంది. అదే అంగిలిలో ఇరుక్కుపోయిన కోరపన్నుని బయటికి లాక్కొచ్చినప్పుడు వేరు లోపలే ఉండిపోతుంది, అప్పుడు మైనస్ 7 సరైనది. పన్ను ఒకటే, పేరు ఒకటే, కావాల్సిన టార్క్ మాత్రం రివర్స్, ఏ డబ్బా మీదా ఇది రాసుండదు, చిగురు మీద వేలు పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఇక అందరికీ ఎక్కువగా ఎదురయ్యేది ఎత్తు పళ్ల కేసు. నాలుగు పళ్లు తీయించి ముందు పళ్లు వెనక్కి లాగడం. వేరే చోట ట్రీట్మెంట్ అయిపోయాక సలహా కోసం ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చి, "పళ్లు లోపలికెళ్లాయి సార్, సందులూ మూసుకుపోయాయి, కానీ నవ్వితే ఏదో బాలేదు సార్, ముందున్న అందం కూడా పోయినట్టుంది, ఏంటో చెప్పలేకపోతున్నా" అన్నారు. ఆ తల్లికి పదం తెలియదు గానీ కన్ను సరిగ్గానే పట్టుకుంది. పళ్లు వెనక్కి పోలేదు, వెనక్కి వాలాయి. కొనలు లోపలికి, వేర్లు బయటే. పై పెదవికి ఆసరా పోయి పల్చబడింది, పంటి ముఖం కిందికి తిరిగిపోవడంతో వెలుగు పంటి మీద పడి ఎదురుగా రావాల్సింది పోయి నోట్లోకి పోతోంది, పళ్లు మసకగా, చిన్నగా కనపడుతున్నాయి. ఇలాంటిది రాకూడదంటే మొదటి రోజే నాలుగు ముందు పళ్లకీ ఎక్కువ ప్లస్ ఉన్న బ్రాకెట్ పెట్టాలి, అది ఒక్కటీ చాలదు, సందు మూసేటప్పుడు లాగే బలం తక్కువుండాలి, వైరు స్టీలై ఉండాలి. రబ్బర్ చైన్ గట్టిగా వేసి త్వరగా మూసేద్దాం అనుకుంటే వైరు వంగుతుంది, వైరు వంగితే బ్రాకెట్ లో ప్లస్ 17 ఉన్నా 22 ఉన్నా ఒకటే, పళ్లు లోపలికి పడతాయి. పన్ను మొత్తం నిటారుగా వెనక్కి జరగాలంటే లాగే బలానికి తగ్గట్టు దాదాపు పదింతల మెలి బలం బ్రాకెట్ దగ్గర ఉండాలని మెకానిక్స్ లో అందరం చదువుకున్నాం, ఏడింతలుంటే కొన తిరిగి వేరు అక్కడే ఉంటుంది, పన్నెండింతలుంటే వేరు జరుగుతుంది. లాగే బలం రెట్టింపు చేస్తే మెలి బలం కూడా రెట్టింపు కావాలి, అది ఇవ్వడం ఆ వైరుకి చేతకాదు.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. పై ముందు పళ్లు నిటారుగా లోపలికి పడితే వంపులో అవి తీసుకునే చోటు తగ్గిపోతుంది, అప్పుడు దవడ పళ్లు చక్కగా కలిసినా కోరపన్ను వెనక సందు మిగులుతుంది, లేదా సందు మూస్తే దవడ పళ్లు ముందుకొచ్చి కలయిక చెడుతుంది. ఆండ్రూస్ ఎప్పుడో చెప్పిందే ఇది. సందు మూసుకోవట్లేదని ఇంకా గట్టిగా లాగుతారు, ఇంకా వాలుతాయి. సందుకి మందు టార్క్ లో ఉంటే మనం చైన్ లో వెతుకుతాం.

కింది ముందు పళ్లకి ఈ లెక్కే తలకిందులుగా పనిచేస్తుంది. పై పళ్లని వెనక్కి, కింది పళ్లని ముందుకి లాగే ఎలాస్టిక్స్ (రబ్బరు బ్యాండ్లు) ఇస్తే కింది ముందు పళ్లు పెదవి వైపుకి వాలతాయి, తీరా అక్కడ ఎముక చూస్తే చాలామందికి కాగితం మందమే. ఆండ్రూస్, రాత్ ఇద్దరిలో అక్కడ మైనస్ 1 ఉంటే ఎంబీటీలో మైనస్ 6 చేశారు. బయటి గట్టు లెక్క చూడండి, మైనస్ 1 తో ప్లస్ 9 దాకా పోతుంది, మైనస్ 6 తో ప్లస్ 4 దగ్గర ఆగుతుంది. మంచిదే. కానీ అదే మైనస్ 6 ని కింది దవడ ముందుకున్న మనిషికి, ఆపరేషన్ లేకుండా ఎలాస్టిక్స్ తో సర్దుదాం అనుకున్న కేసులో పెడితే? ఇప్పుడు కింది పళ్లు లోపలికి లాగబడుతున్నాయి, లోపలి గట్టు మైనస్ 16, వేర్లు చిగురులోంచి గీతల్లా కనపడేదాకా పోతాయి. నాలుగు బ్రాకెట్లూ తిప్పి ప్లస్ 6 చేస్తే ఆ గట్టు మైనస్ 4 కి వస్తుంది, కింది ముందు పళ్లకి ఒరుగుడు ఎంబీటీలో సున్నాయే కాబట్టి తిప్పినా ఇబ్బందేం లేదు.

ఒకే మనిషికి కూడా ప్లాన్ మారితే బ్రాకెట్ మారాలి, నా వాదనలో నాకు బాగా గట్టిగా అనిపించే భాగం ఇది. కింది దవడ బాగా వెనక్కున్న పేషెంట్ ని తీసుకోండి. పై రెండు పళ్లు తీసి పైవరస వెనక్కి లాగి సర్దుదాం అంటే పైన ఎక్కువ ప్లస్ కావాలి. దవడ ఆపరేషన్ చేయించుకుంటా అంటే పైవరస అంతగా వెనక్కి పోవాల్సిన పనే లేదు, ముందుకి వాలి ఉన్న కింది పళ్లని వెనక్కి నిలబెట్టాలి, అప్పుడు పైన మామూలు టార్క్ చాలు, కిందే జాగ్రత్త. ముఖం అదే, పళ్లు అవే, ఎక్స్‌రేలో కొలతలన్నీ అవే. "ఈ పన్ను ఎన్ని డిగ్రీల్లో ఉండాలి" అని మాత్రమే అడిగేవాడికి ఈ తేడా ఎక్కడా దొరకదు. పాత తరం ఆర్థోడాంటిస్టులు ట్వీడ్ చెప్పిన కింది పంటి 90 డిగ్రీలు, స్టైనర్ చెప్పిన పై పంటి 22 డిగ్రీలు, ఎక్స్‌రే మీద కొలిచే ఆ లక్ష్యాలు, ఎక్కడికి పోతున్నామో అంచనా వేసుకోవడానికి కావాలి, కాదనను, కానీ అవి దిక్కు చెప్తాయి తప్ప ఏ బ్రాకెట్ అతికించాలో చెప్పవు.

ఇంత ఆలోచించి ఎంచుకున్న బ్రాకెట్ ని కూడా అతికించే చెయ్యి పాడు చేయగలదు. పంటి ముఖం బల్లలా చదునుగా ఉండదు, వంపు ఉంటుంది. పై ముందు పన్ను మీద బ్రాకెట్ చిగురు వైపుకి జరిగితే క్రౌన్ లోపలికి పోయే వైపు టార్క్ మారుతుంది, కొన వైపుకి జరిగితే బయటికి. ఒక్క మిల్లీమీటర్ జరిగితే కొన్ని డిగ్రీలు మారిపోతాయి, వంపు ఎక్కువున్న పంటికి ఇంకా ఎక్కువ. రాత్ కీ ఎంబీటీకీ మధ్య ఉన్న ఆ ఐదు డిగ్రీల్ని బ్రాకెట్ కింద మిగిలిపోయిన కాంపోజిట్ (అతికించే పదార్థం) కూడా తినేస్తుంది. పైగా ప్రతి మనిషికీ క్రౌన్ కీ వేరుకీ మధ్య కోణం ఒకేలా ఉండదు, పై మధ్య పళ్లు లోపలికి వాలి కింది పళ్లని కప్పేసే కేసుల్లో క్రౌన్ వేరు మీద వంగి ఉండటం ఎక్కువగా చూస్తాం. అలాంటి పంటికి క్రౌన్ ని అందంగా నిలబెడితే లోపల వేరు వెళ్లి అంగిలి వైపు గట్టి ఎముకకి గుద్దుకుంటుంది, అక్కడ ఇంకా తోస్తే వేరు కొన అరుగుతుంది. కాబట్టి ఎక్కువ టార్క్ పెట్టే ముందు సైడు ఎక్స్‌రేలో ఆ వేరు ముందూ వెనకా ఎంత ఎముక ఉందో చూడండి, అనుమానంగా ఉంటే త్రీడీ స్కాన్ తీయించండి, ఎముక లేని చోటికి వేరుని పంపే హక్కు ఏ ప్రిస్క్రిప్షనూ మనకి ఇవ్వదు.

వైరు సంగతి త్వరగా చెప్పేస్తా. నైటై (నికెల్ టైటానియం) పలకల వైరు టార్క్ చేయడానికి మెత్తన, అది దారి చూపించే వైరు అనుకోండి. టీఎంఏ (బీటా టైటానియం వైరు) గట్టితనం స్టీలుదాంట్లో సుమారు నలభై శాతం, చివరి సర్దుబాట్లకి బాగుంటుంది, స్లాట్ నింపే సైజు వేసినా పన్ను మీద బలం మితంగా ఉంటుంది. సందులు మూసేటప్పుడు మాత్రం స్టీలే. ఏది వేసినా వేసిన నెలకే టార్క్ రాలేదని మెలిక పెంచొద్దు, వేరు ఎముకలో దారి చేసుకుంటూ పోవాలి, దానికి నెలలు పడుతుంది. పేషెంట్లకి కూడా ఇదే చెప్తుంటాను, పళ్లన్నీ వరసగానే ఉన్నాయి కదా ఇంకా ఎందుకు సార్ ఈ క్లిప్పులు అని అడిగినప్పుడు, కనపడేది అయిపోయింది కనపడనిది జరుగుతోంది అని. ఆ చివరి నెలలు ఓపిక పట్టమని బతిమాలడం నాకు అలవాటైపోయింది.

అలైనర్లలో, అంటే క్లిప్పుల బదులు తొడిగే ప్లాస్టిక్ తొడుగుల్లో, ఈ గొడవ లేదనుకుంటారు, ఉంది, పేరు వేరు. ప్లాస్టిక్ చిగురు దగ్గర అంచున మెత్తగా ఉండి పక్కకి విచ్చుకుంటుంది, టార్క్ కి కావాల్సిన జంట బలాల్లో ఒకటి అక్కడే పడాలి. అందుకే కంప్యూటర్ స్క్రీన్ మీద చూపించిన వేరు కదలిక నోట్లో పూర్తిగా రాదు, అక్కడ కూడా తరుగు ముందే కలిపి ప్లాన్ చేయాలి, 7 ని 17 చేసిన ఆలోచనే అది.

ఇప్పుడు బ్రాకెట్లు అతికించే ముందు నేను చేసే పని చెప్తా, కావాలంటే మీరూ చేసి చూడండి. మోడల్స్, ఎక్స్‌రే ముందు పెట్టుకుని పై ఆరు, కింది ఆరు పళ్లకి ఒక్కో బాణం గీస్తాను, ఈ ట్రీట్మెంట్ అయ్యేసరికి ఈ పన్ను కొన ఎటు లాగబడుతుంది అని. పళ్లు తీసే కేసా, ఎలాస్టిక్స్ ఎటు, చోటు లేక ఇరుక్కున్న పళ్లు లైన్లోకొచ్చేటప్పుడు ముందుకి తోసుకొస్తాయా, అన్నీ ఆ బాణంలోకి వస్తాయి. బాణం పెద్దదైతే దానికి ఎదురు దిశలో టార్క్ ఉన్న బ్రాకెట్, బాణం లేకపోతే ఏ కంపెనీ మామూలు బ్రాకెట్ అయినా సరే. తర్వాత చిగురు మీద వేలితో ప్రతి వేరునీ తడిమి చూస్తాను, పొడుచుకొచ్చిన వేరుకి మైనస్ వెళ్లకూడదు. తిప్పాల్సినవేమన్నా ఉంటే అప్పుడే షీట్ మీద రాసేస్తాను. పది నిమిషాల పని ఇది. ఆ తర్వాత కూడా చివర్లో ఒకటో రెండో పళ్లకి రెండు ప్లయర్లు పట్టుకుని వైరుకి చేత్తో మెలిక ఇవ్వాల్సి వస్తుంది, వస్తే ఇవ్వండి, స్ట్రెయిట్ వైరు సిస్టమ్ లో వైరు వంచకూడదు అనే పట్టింపు పెట్టుకోకండి. ఆ మెలిక ఇచ్చాక వైరుని మొదట మెలిక లేని పక్క కూర్చోబెట్టి చూడండి, ఇటు పక్క వైరు స్లాట్ కి ఎంత వాలుగా నిలబడిందో కంటికి కనపడుతుంది, ఆ కనపడే వాలులోంచి ఆట తీసేస్తే మిగిలేదే వేరుకి చేరే టార్క్, ఏమీ మిగలకపోతే ఇంకొంచెం మెలిక కావాలన్నట్టే.